కంచె అవతల ఎత్తిన చెయ్యి

1951లో నేను డిస్పాచ్ రైడర్‌గా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. అప్పటి మలయా, ఇప్పటి మలేషియాలోని సెలంగోర్‌లో బటాంగ్ బెర్జుంటై ఊరి చివర, చుట్టుపక్కల ఏడు రబ్బరు ఎస్టేట్ల వ్యవహారం చూసే ఏజెన్సీ ఆఫీసు అది. డిస్పాచ్ రైడర్ అంటే టపా మోసే మోటారు సైకిలువాడు. ఉత్తరాలు, మందులు, పత్రికలు, ఫ్యాక్టరీ యంత్రాలకు కావలసిన చిన్న చిన్న సామాన్లు తోలు సంచుల్లో పెట్టుకుని ఎస్టేటు నుంచి ఎస్టేటుకు చేర్చాలి. మామూలు రోజుల్లో అయితే ఒక్క మనిషి పొద్దున బయల్దేరి సాయంత్రానికి ముగించుకొచ్చే పని. అవి మామూలు రోజులు కావు.

మా మలయాలో ఎమర్జెన్సీ అంటే 1948లో మొదలైన పోరు. అడవుల్లో ఉన్న కమ్యూనిస్టు గెరిల్లాలు ఒక వైపు, బ్రిటిష్ ప్రభుత్వం ఒక వైపు. మధ్యలో రబ్బరు తోటల్లో చెట్లు గీసి పాలు తీసే మా వాళ్లు. కూలీలు ఉండే వరస ఇళ్ల చుట్టూ, అంటే ఎస్టేటు లైన్ల చుట్టూ, ముళ్ల కంచెలు వేశారు. చీకటి పడితే కర్ఫ్యూ. రోడ్డు మీద ఒంటరిగా తిరిగే మోటారు సైకిలు ఎవరికైనా తేలిగ్గా దొరికిపోయే వేట. అందుకని మమ్మల్ని అయిదుగురిని ఒక దళంగా పంపేవారు. సోమవారం, గురువారం. అందరికంటే ముందున్నవాడి దగ్గర, చివరివాడి దగ్గర తుపాకులుండేవి. మధ్యలో మా ముగ్గురి దగ్గర టపా సంచులు.

మా లీడర్ ఇస్మాయిల్. అంతకుముందు పోలీసుల్లో పనిచేసి వచ్చిన మలాయ్ మనిషి, నలభై దాటినవాడు. అందరం ఆయన్ని అబాంగ్ అనేవాళ్లం, అంటే అన్న. చేరిన కొత్తలో నన్ను రెండు వారాలు బండి ఎక్కనివ్వలేదు. ఆఫీసు వెనక బంతాట మైదానంలో అయిదుగురినీ ముప్పై అడుగుల ఎడంతో వరసగా నడిపించాడు. ముందు ఆయన చెయ్యి ఊపుతాడు, వెనక మేము ఒకరి తర్వాత ఒకరం అదే చెయ్యాలి. ఆఫీసు కిటికీల్లోంచి గుమాస్తాలు నవ్వేవారు. నాకు సిగ్గేసేది. ఆయనకు అదేమీ పట్టేది కాదు.

ఇంతకీ ఆ సైగలు ఎందుకంటే, సైనికులు వాడి వదిలేసిన పాత బండ్లు మావి. ఇంజను చప్పుడుకి పక్కవాడు అరిచినా వినిపించదు. రేడియో లేదు, వెనక వెలిగే దీపాన్ని నమ్మలేం. ఉన్నది చెయ్యి ఒక్కటే. కుడిచేతిలో యాక్సిలరేటరు ఉంటుంది, దాన్ని వదిలితే బండి నిలిచిపోతుంది. కాబట్టి సైగలన్నీ ఎడమచేత్తోనే. అరచెయ్యి కిందికి తిప్పి గాలిని తట్టినట్టు చేస్తే నెమ్మదించమని. వేలు కిందికి చూపితే అటు పక్క గొయ్యో రాయో ఉందని. చూపుడువేలు ఒక్కటే పైకెత్తితే ఒకరి వెనక ఒకరు రమ్మని. అరచెయ్యి విప్పి, చెయ్యి నిటారుగా ఎత్తితే ఆగమని. ఇరుకు దారిలో లారీ ఎదురైనప్పుడు లీడర్ దాని డ్రైవరుకి నాలుగు వేళ్లు చూపేవాడు, నా వెనక ఇంకా నలుగురు వస్తున్నారని. రెండోవాడు మూడు, మూడోవాడు రెండు. చివరివాడు పిడికిలి చూపేవాడు, ఇక ఎవరూ లేరని. అది చూశాకే లారీ కదిలేది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. ముందువాడి చెయ్యి నీకు కనబడగానే నువ్వూ అదే చెయ్యాలి. అర్థమైందా లేదా అని ఆలోచిస్తూ కూర్చోకూడదు. నీ వెనకవాడికి లీడర్ కనబడడు, నువ్వే కనబడతావు.

మా దారిలో నాలుగో ఎస్టేటుకీ అయిదో ఎస్టేటుకీ మధ్య రెండు మైళ్ల మేర ఒక ముళ్ల కంచె రోడ్డు పక్కనే సాగేది. ఆ కంచె అవతల కూలీ లైన్లలో మా అక్క ఉండేది.

అక్క పేరు అప్పలకొండ. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి తోట పనికి వచ్చినవాళ్లు. యుద్ధంలో జపానువాళ్లు మలయాని ఆక్రమించిన కాలంలో నాన్నని సయాం దేశంలో వేస్తున్న రైలు మార్గం పనికి తీసుకుపోయారు, తిరిగి రాలేదు. ఆ మరుసటేడే అమ్మ జ్వరంతో పోయింది. అప్పటినుంచి నన్ను పెంచింది అక్కే. పొద్దున్నే పాలు గీసి వచ్చి, కర్రపెండలం ఉడకబెట్టి నాకు పెట్టి, తాను గంజి తాగి మళ్లీ పనికి పోయేది. నేను నా కాళ్ల మీద నిలబడేదాకా పెళ్లి మాటెత్తనివ్వలేదు. 1947లో, ఆ రోజుల లెక్కకి ఆలస్యంగా, పెళ్లి చేసుకుని ఈ ఎస్టేటుకి వచ్చింది.

మొదట్లో ప్రతి ఆదివారం సైకిలు మీద వెళ్లి భోంచేసి వచ్చేవాణ్ని. కంచె వేశాక లోపలికి పోవడానికి పాసు కావాల్సి వచ్చింది. పాసు కోసం రాసిపెడితే నెలలు పట్టేది. 1951 దీపావళికి ఒక్కసారి దొరికింది. తర్వాత ఆ ఎస్టేటు అంచున కాల్పులు జరిగి పాసులు పూర్తిగా ఆపేశారు. ఆ ఎస్టేటు టపా మరో దళం చూసేది. వాళ్ల గేటు కూడా కొండకి అవతలి వైపు. మాకు ఆ కంచె పక్కన ఆగే పనే లేదు. ఆగకూడదన్నది ఉత్తర్వు కూడా.

అందుకని అక్క ఒక పద్ధతి కనిపెట్టింది. సోమవారం, గురువారం పాలు గీసి వచ్చాక, మేము వెళ్లే వేళకి కంచె దగ్గరికి వచ్చి నిలబడేది. నేను తల కొంచెం అటు తిప్పేవాణ్ని. అంతే. బండి వేగం ముప్పై మైళ్లు. ఇప్పటికీ అక్క మొహం తలుచుకుంటే ఆ వేగంతోనే వచ్చి, ఆ వేగంతోనే పోతుంది.

1952 మొదట్లో ఒక గురువారం. ముందు రోజంతా వాన. ఎర్రమట్టి రోడ్డు జారుడుగా ఉంది. ఇస్మాయిల్ ముందున్నాడు, నేను రెండో స్థానంలో, నా వెనక మాణిక్యం అనే తమిళ కుర్రాడు, అతని వెనక మరో ఇద్దరు. మాణిక్యం నా ఈడువాడే. ఒకే గదిలో ఉండేవాళ్లం, ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్లం. కంచె దగ్గరికి వచ్చేసరికి మూడు వారాలుగా కనబడని అక్క కనబడింది. రెండు చేతులతో ఏదో పైకెత్తి పట్టుకుంది. తెల్లటి గుడ్డలో పసిబిడ్డ.

నా ఎడమ చెయ్యి దానంతట అదే లేచింది. చూశానక్కా అని చెప్పడానికి. అరచెయ్యి విప్పి, నిటారుగా.

మాణిక్యానికి కనబడింది నా చెయ్యి. అక్క కాదు, బిడ్డ కాదు. నేర్చుకున్నట్టే తానూ చెయ్యెత్తి బ్రేకు వేశాడు. అతని వెనకవాడు ఆ క్షణంలో రోడ్డు మీద గొయ్యి చూసుకుంటున్నాడు. తల ఎత్తేసరికి ఆలస్యమైంది. అతని ముందు చక్రం మాణిక్యం వెనక చక్రాన్ని కొట్టింది. మాణిక్యం బండి ఎడమవైపు ఒరిగి, కల్వర్టు గోడకీ హ్యాండిలుకీ మధ్య అతని చెయ్యి ఇరుక్కుపోయింది.

నాకు ఇదంతా తెలియలేదు. ఇస్మాయిల్ అర మైలుకోసారి వెనక్కి తిరిగి లెక్క చూసుకునేవాడు. ఆయన తిరిగి చూసి బండి ఆపితేగాని నాకు తెలియలేదు.

ఎక్కడ ఆగకూడదో అక్కడే ఆగిపోయాం. బండ్లు పక్కకి పడేసి అందరం రోడ్డు పక్క కాలవలోకి దిగాం. తుపాకులున్న ఇద్దరూ అడవి అంచు వైపు గురిపెట్టి కూర్చున్నారు. ఆ రోడ్డు మీద గస్తీ తిరిగే పోలీసు బండి వచ్చేదాకా అరగంట పట్టింది. అడవిలోంచి ఎవరూ రాలేదు. ఆ అరగంటా నేను మాణిక్యం చెయ్యి నా ఒళ్లో పెట్టుకుని తువ్వాలు చుట్టి పట్టుకున్నాను. రెండు వేళ్లు నలిగిపోయాయి. చూడలేకపోయాను.

"ఎందుకు ఆపమన్నావ్?" అని తమిళంలో అడిగాడు.

"ఆపమనలేదురా. మా అక్క పిల్లని చూపించింది. చెయ్యి లేచిపోయింది."

మాణిక్యం కాలవ గట్టుకి తల ఆనించాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి. తర్వాత అడిగాడు. "మగపిల్లాడా, ఆడపిల్లా?"

"తెలీలేదు. అంత దూరం నుంచి కనబడలేదు."

కళ్లు మూసుకున్నాడు. రోడ్డుకి అవతల, కంచె పట్టుకుని అక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది. బిడ్డని గుండెకి హత్తుకుని ఉంది. జరిగినదంతా ఆమె కళ్ల ముందే జరిగింది. మధ్యలో యాభై అడుగుల దూరం. నేను లేచి అటు వెళ్లలేదు. పోలీసులు వచ్చారు, మమ్మల్ని ఎక్కించుకుని తీసుకుపోయారు.

ఆ సాయంత్రం ఆఫీసులో ఇస్మాయిల్ నన్ను కూర్చోబెట్టాడు. మేము మాట్లాడుకునేది మలాయ్, తమిళం కలిసిన బజారు భాష. కోపంగా అనలేదు. ఆయన గొంతులో అలసట ఉంది.

"నువ్వు అక్కకి చెయ్యెత్తావని వెనకవాడికి తెలీదు. వాడికి తెలిసింది చెయ్యే. రోడ్డు మీద ఉన్నంతసేపు ఆ చెయ్యి దళానిది. ఇంటికి వెళ్లాక నీది."

"నన్ను పనిలోంచి తీసెయ్యండి అబాంగ్."

"తీసేస్తే ఏం నేర్చుకుంటావు? రేపటినుంచి చివర్న నువ్వు. నీ వెనక ఎవరూ ఉండరు. ముందున్న నలుగురినీ చూస్తూ రా."

మాణిక్యం వేళ్లు రెండూ తీసేశారు. క్లచ్ పట్టుకోలేడు కాబట్టి మళ్లీ బండెక్కలేదు. ఆఫీసులోనే సామాన్ల గదిలో పని ఇచ్చారు. నాతో మాటలు మానలేదు, గది మారలేదు. ఒకరోజు మాత్రం అన్నం కలుపుతూ, "మీ అక్కకి కబురు పంపు, ఆమె తప్పు లేదని," అన్నాడు. ఆ దారి టపా తీసుకెళ్లే మరో దళంవాడి చేత కబురు పంపాను. తిరుగు కబురు వచ్చింది. పుట్టింది ఆడపిల్ల అని, అమ్మ పేరు పెట్టామని.

తర్వాత ఏడాదిపైగా అక్క సోమవారం, గురువారం కంచె దగ్గరికి రావడం మానలేదు. కాని ఎన్నడూ చెయ్యెత్తలేదు. బిడ్డని పైకెత్తి చూపించలేదు. ఒక చెయ్యి బిడ్డ నడుం చుట్టూ, ఒక చెయ్యి తీగె మీద. అలా నిలబడేది. మా సైగలు ఆమెకు వచ్చేశాయి. వారానికి రెండుసార్లు చూస్తే ఎవరికైనా వస్తాయి. ఎత్తిన చెయ్యికి అర్థమేమిటో తెలిసింది కాబట్టే ఎత్తేది కాదు. బిడ్డ ఎదగడం నాకు అలాగే తెలిసింది. మొదట భుజం మీద, తర్వాత చంకలో, ఆ తర్వాత అక్క చీర పట్టుకుని నేల మీద నిలబడి. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు నేను ఆ పిల్లని.

1953లో ఇస్మాయిల్‌కి బదిలీ అయింది. వెళ్తూ వెళ్తూ నన్ను లీడర్‌గా పెట్టమని చెప్పి వెళ్లాడు. చెయ్యి మీద అదుపు ఎవరికి బాగా వచ్చిందో వాడికే ఇవ్వాలన్నాడట.

లీడర్ అయిన మూడో నెల. ఆ వారంలోనే మా రోడ్డు మీద ఒక లారీ మీద కాల్పులు జరిగాయి. కంచె మలుపు దాటాక మైలు దూరంలో. రెండు గేట్ల మధ్య ఎక్కడా ఆగకూడదని ఆఫీసులో మళ్లీ గట్టిగా చెప్పారు. గురువారం పొద్దున బయల్దేరాం. నా వెనక నలుగురు. అందులో ఇద్దరు చేరి నెల కూడా కాలేదు.

కంచె మొదలైంది. ఎదురుగా కర్రల లోడు లారీ వస్తోంది. నేను నాలుగు వేళ్లు చూపించాను. లారీ పక్కకి ఒదిగింది. దాన్ని దాటగానే అక్క కనబడింది. మామూలుగా నిలబడేచోట కాదు, రోడ్డుకి ఇంకా దగ్గరగా, కంచె వంపు తిరిగేచోట. పక్కన పిల్ల. అక్క ఎడమ చెయ్యి ఎత్తింది. అరచెయ్యి విప్పి, నిటారుగా, మా వాళ్లెవరూ ఎత్తనంత శుభ్రంగా.

అది పలకరింపు కాదని నాకు తెలుసు. ఏడాదిగా ఎత్తని చెయ్యి ఊరికే ఎత్తదు. ఆగమంటోంది. ఎందుకు? ముందు దారిలో ఏమైనా చూసిందా? పిల్లకి బాగాలేదా? పిల్ల నిలబడే ఉంది. ముందు దారిలో ప్రమాదమైతే చెయ్యి అడ్డంగా ఊపేది, కంగారుగా ఉండేది. ఆమె కంగారుగా లేదు. ఇదంతా ఆలోచించడానికి నాకున్నది మూడు నాలుగు సెకన్లు. నా ఎడమ చెయ్యి క్లచ్ మీద ఉంది. ఎత్తితే వెనక నలుగురూ ఆగుతారు. ఇద్దరు కొత్తవాళ్లు, వానకి తడిసిన అదే మట్టి, మైలు దూరంలో మొన్న కాల్పులు జరిగిన చోటు. మాణిక్యం చెయ్యి నా ఒళ్లో ఉన్నట్టే అనిపించింది.

చెయ్యెత్తలేదు. ఆమెని దాటేశాను. ఎప్పుడూ తిప్పే తల కూడా ఆ రోజు తిప్పలేదు.

అయిదో ఎస్టేటు గేటు దగ్గర ఆగి, బండి నిలబెట్టీ నిలబెట్టకుండానే లోపలికి పరిగెత్తి, టెలిఫోనులో అక్క ఎస్టేటు ఆఫీసుని పట్టుకున్నాను. గుమాస్తా ఎత్తాడు.

"లైన్సులో ఏమైనా జబ్బులా సర్? గొడవలేమైనా?"

"ఏం లేదు. అంతా బాగానే ఉంది. ఎందుకు?"

"ఏం లేదు సర్."

అమ్మయ్య అనుకున్నాను. అడగవలసిన ప్రశ్న అది కాదని నాకప్పుడు తోచలేదు.

సోమవారం మళ్లీ ఆ దారిన వెళ్లాం. కంచె దగ్గర ఎవరూ లేరు. గురువారం కూడా లేరు. ఆ మరుసటి వారం మరో దళంవాడు చెప్పాడు. అక్క మామగారికి ఇక్కడి భయం మరీ ఎక్కువైపోయి, ఇంటిల్లిపాదీ శ్రీకాకుళం పోదామని పట్టుబట్టాడట. కాగితాలు వచ్చిన మూడు రోజుల్లోనే ఎస్టేటు లారీ ఎక్కించి పోర్ట్ స్వెట్టెన్‌హామ్ రేవుకి పంపేశారట. శుక్రవారం పొద్దున. నేను ఆగకుండా వెళ్లిన మర్నాడు. సెలవు పెట్టి రేవుకి వెళ్లాను. మద్రాసు ఓడ వెళ్లి వారం దాటిందని చెప్పారు. రేవులో ఒక బల్ల మీద సాయంత్రందాకా కూర్చుని తిరిగొచ్చాను.

ఏడాది తర్వాత ఉత్తరం వచ్చింది. తెలుగులో. అక్కకి చదువు రాదు, ఎవరిచేతో రాయించింది. నాకూ తెలుగు చదవడం రాదు. నేను చదివింది ఎస్టేటు తమిళ బడి. ఆఫీసులో తెలుగు వచ్చిన ఒకాయన చదివి వినిపించాడు. అందరం క్షేమం, పిల్ల మాటలు నేర్చింది, నువ్వు వేళకి తిను, వానలో తిరగకు. అంతే. ఆ గురువారం గురించి ఒక్క ముక్క లేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఆ ఉత్తరం పరాయి గొంతులో విన్నానన్న బాధతో తెలుగు అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఇవాళ ఇలా రాయగలుగుతున్నానంటే అందుకే.

1957 ఆగస్టు ఆఖరున మెర్డెకా వచ్చింది. స్వతంత్రం. మా ఊళ్లో కూడా జెండాలు, బ్యాండు, మైదానంలో కొత్త చొక్కాలు వేసుకున్న జనం. నేను నేర్చుకున్న బంతాట మైదానం అదే. కొన్ని నెలలకి మా రోడ్డు మీద ఆంక్షలు ఎత్తేశారు. దళంగా వెళ్లక్కర్లేదు, ఎక్కడైనా ఆగవచ్చు. ఒక ఆదివారం ఒక్కణ్నే బండేసుకుని వెళ్లాను. ముందు ఎవరూ లేరు, వెనక ఎవరూ లేరు. ఆ దారిలో అలా వెళ్లడం అదే మొదటిసారి. కంచె చాలాచోట్ల తీసేశారు. లైన్ల ముందు బండి ఆపాను.

ఒక ముసలామె బయటికి వచ్చింది. అక్క పక్కింటి గౌరమ్మ. దీపావళికి వచ్చినప్పుడు చూశాను.

"నువ్వు అప్పలకొండ తమ్ముడివి కాదేటి?"

"అవునమ్మా."

"బండి సప్పుడు ఇని ఒచ్చినాను. కూకో. కోపీ తాగుతావేటి?"

అక్క ఉన్న గదిలో ఇప్పుడు తమిళులు ఉంటున్నారు. తలుపు మీద వేరే బొట్లు ఉన్నాయి. గౌరమ్మ ఇచ్చిన కాఫీ పట్టుకుని గడప మీద కూర్చున్నాను. నాలుగేళ్లుగా నాలో తిరుగుతున్న ప్రశ్న అడిగాను.

"ఆ దినం అక్క సెయ్యెత్తింది. నాను ఆగలేదు. ఎందుకెత్తిందో నీకేటైనా తెలుసా?"

గౌరమ్మ చీపురు పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"మర్నాడే కదా లారీ ఎక్కడం. తెల్లారగట్ల లేసి తలకి పోసుకుంది. పిల్లకి మంచి గౌను ఏసింది. మావ తిట్టినాడు, ఆడు ఆగడే, ఆగితే ఆడి పనూడిపోద్ది అని. ఇన్లేదు. ఒక్కపాలి పిల్లని ఆడి సేతుల్లో పెట్టి తీసేసుకుంతాను, కంచె మీంచి అందిత్తాను అంది."

"నాను ఎల్లిపోయినాక ఏటంది?"

"మీ బండ్ల సప్పుడు పోయినా కంచె ఒగ్గలేదు. అక్కడే నిలబడింది. నాను పోయి సెయ్యట్టుకుని తీసుకొచ్చినాను. అప్పుడు అంది. గౌరమ్మా, ఆడు లారీవోడికి సేతి ఏళ్లు నాలుగు సూపినాడు, ఎనకాల నలుగురు పిల్లలున్నారు, ఆడు ఆగకపోడమే మంచిది అంది."

"ఏడిసిందా?"

"ఇక్కడ ఏడవలేదు. లారీలో ఏడిసుంటాది."

కాఫీ చల్లారిపోయింది. గౌరమ్మ మళ్లీ వేడి చేసి తెచ్చింది. అది తాగాను. లేచేటప్పుడు ఆవిడ, "నువ్వాగినా తప్పు లేదు, ఆగకపోయినా తప్పు లేదు నాయనా," అంది. ఏ జవాబు దొరికితే తేలికవుతుందని వెళ్లానో ఆ జవాబే దొరికింది. తేలిక కాలేదు.

నా చేతి రాతతో అక్కకి ఉత్తరం రాశాను. రెండు కాగితాలు తప్పుపోయి, మూడోది పంపాను. జవాబుగా మూడు ఉత్తరాలు వచ్చాయి. ఆఖరిది మేనకోడలే రాసింది, బడిలో చేరిందట. "అమ్మకి చూపు తగ్గింది మావయ్యా. రోడ్డు మీద మోటారు సైకిలు చప్పుడైతే వాకిట్లోకి వస్తుంది," అని రాసింది. ఆ తర్వాత మా ఇద్దరికీ చిరునామాలు మారాయి, ఉత్తరాలు ఆగిపోయాయి. ఎందుకు వెళ్లలేదని మా పిల్లలు అడుగుతారు. ఒక ఏడు సెలవు దొరకలేదు, ఒక ఏడు ఇంట్లో జబ్బులు, ఒక ఏడు పాస్‌పోర్టు. ఒక్కోటీ విడిగా చూస్తే సరైన కారణమే.

తర్వాత ఇపో పట్నానికి మారి, టపా, సరుకులు చేరవేసే ఒక కంపెనీలో రైడర్లకి నేర్పే పనిలో పదహారేళ్లు చేశాను. కొత్తవాళ్లని మైదానంలో వరసగా నడిపించాను, ఇస్మాయిల్ నడిపించినట్టే. చెయ్యి దళానిది అని చెప్పాను. ఆ మాట నిజమని ఇప్పటికీ నమ్ముతాను. ఆ గురువారం మళ్లీ వస్తే మళ్లీ అలాగే దాటిపోతానేమో. నాకు బోధపడిన తప్పు రోడ్డు మీద జరిగింది కాదు. బయల్దేరేముందు జరిగింది. ఆ కంచె దగ్గర ఒక మనిషి వారానికి రెండుసార్లు నిలబడుతుందని దళంలో అందరికీ తెలుసు, ఆఫీసుకీ తెలుసు. దాని గురించి ఎవరమూ ఒక్క మాట అనుకోలేదు. ఆమెకి ఏదైనా చెప్పాలనుంటే ఎలా చెప్పాలో, మేము ఎక్కడ, ఎలా వినగలమో ముందే ఆలోచించి పెట్టుకోలేదు. నేనే అడగలేదు.

అందుకని నేర్పేవాణ్ని అయ్యాక, బయల్దేరే ముందు బండ్లు, బ్రేకులు, సంచులు చూసుకున్న తర్వాత ఒక ప్రశ్న అడిగేవాణ్ని. "ఈ దారిలో ఇవాళ మీకోసం ఎవరైనా చూస్తూ ఉంటారా?" మొదట్లో నవ్వేవారు. పెళ్లికానివాళ్లని ఆటపట్టించేవారు. నేను ఊరుకునేవాణ్ని.

ఒక పొద్దున ఆరుగురం హుటాన్ మెలింటాంగ్ వైపు బయల్దేరుతున్నాం. అప్పారావు అని, ముప్పై అయిదేళ్లవాడు, మాట తక్కువ మనిషి, వరసలోంచి చెయ్యి కొంచెం ఎత్తాడు.

"మాయమ్మ ఉంటాది సర్. జెట్టీ కాడ ఎండుసేపలు అమ్ముతాది. ఈ దారినే పోతాం గాని, ఎప్పుడూ ఆగలేదు."

దారి కాగితం మీద జెట్టీ పేరు రాసి, పక్కన అయిదు నిమిషాలు అని రాశాను. మిగతావాళ్లకి ఎక్కడ నెమ్మదించాలో, ఎక్కడ ఆగాలో, బండ్లు ఏ పక్క పెట్టాలో చెప్పాను. పదకొండు గంటలకి అక్కడికి చేరాం. పడవలు అప్పుడే ఒడ్డుకి వస్తున్నాయి. తట్టల వెనక గోనె మీద కూర్చున్న ఆవిడ, ఆరు బండ్లు వరసగా ఆగడం చూసి లేచి నిలబడింది. మొహంలో భయం. కొడుకు హెల్మెట్ తీసేదాకా కదల్లేదు.

"ఏటయింది నాయనా? ఏటయింది?"

"ఏటీ అవ్వలేదే అమ్మా," అన్నాడు అప్పారావు. "నిన్ను సూసి పోదామని ఆగినాం."